టీవీలో అంచులు ఎక్కడికి పోతున్నాయి?

చిన్నప్పుడు నాకు సోషల్ చెప్పిన మాస్టారు జగ్గయ్యపేటలో ఉంటారు. రిటైరై చాలా ఏళ్ళయింది. సెలవులకు మనవలు వస్తే వాళ్ళకి ఊరి పక్కనున్న ధనంబోడు కథ చెబుతూ మాంధాత చక్రవర్తి శిల్పం ఫొటో చూపిద్దామని, ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపారు. ధనంబోడు అంటే 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపిన స్తూపం. ఆ శిల్పపు పలకలో చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. అందులోని మనుషులు పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఆ సన్నదనమే పేట శిల్పం అందం.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు.

"అబ్బాయ్, చక్రవర్తి లావెక్కిపోయాడు. పైన అంచు తెగిపోయింది. కింద రాసుకున్న అక్షరాలు అలికేసినట్టున్నాయి. కేబుల్ పోయిందంటావా?"

"కేబుల్ కొనకండి మాస్టారూ, ఆదివారం నేనొస్తాను" అని చెప్పి, నందిగామలో బస్సెక్కి వెళ్ళాను. ఆయన అడిగిన మూడు ప్రశ్నలూ ఇదే వరసలో చాలామంది అడుగుతుంటారు కాబట్టి, అక్కడ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

చక్రవర్తి ఎందుకు లావెక్కాడు? ల్యాప్‌టాప్, టీవీ రెండింట్లోనూ ఒకే బొమ్మ కనపడేలా 'డూప్లికేట్'లో పెట్టారు మాస్టారు. అలా పెట్టినప్పుడు కంప్యూటరు రెండు తెరలకీ కుదిరే ఒక కొలతను వెతుక్కుంటుంది. ఆయనది పాత ల్యాప్‌టాప్, తెర 1366×768. టీవీ 1920×1080. రెండింటికీ ఉమ్మడిగా దొరికింది 1024×768. అది పాతకాలపు తెరల కొలత, వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. ఇప్పటి టీవీ వెడల్పు పదహారైతే ఎత్తు తొమ్మిది. నాలుగు మూళ్ళ బొమ్మని ఆ తెర నిండా పరిస్తే అడ్డంగా మూడో వంతు సాగుతుంది. మన చక్రవర్తి కూడా సరిగ్గా అంతే సాగాడు.

విండోస్ కీ పట్టుకుని 'పి' నొక్కితే నాలుగు వరసలు వస్తాయి. అందులో చివరిది 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ'. అది ఎంచుకుంటే ల్యాప్‌టాప్ తెర ఆరిపోయి, కంప్యూటరు టీవీ కొలత ఒక్కటే చూసుకుంటుంది. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ దగ్గర 'రికమెండెడ్' అని ఉన్నదే ఉందో లేదో చూసుకోవాలి. మాస్టారి టీవీలో 1920×1080 పడగానే చక్రవర్తి మళ్ళీ సన్నబడ్డాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడో వరస 'ఎక్స్‌టెండ్' అయితే రెండు తెరలూ పక్కపక్కన ఒకే బల్లలా మారతాయి. మౌస్ బాణం కనపడటం లేదని కంగారుపడేది ఇందులోనే. అది పక్క తెరలోకి వెళ్ళి ఉంటుంది.

ఇంతకీ టీవీ కొలత కంప్యూటరుకి ఎవరు చెబుతారు? హెచ్‌డీఎంఐ కేబుల్లో 19 పిన్నులుంటాయి. అందులో రెండు ఉన్నది బొమ్మ మోయడానికి కాదు, పరిచయాలకి. కేబుల్ పెట్టగానే టీవీలోని చిన్న చిప్ ఆ రెండు పిన్నుల మీదుగా తన పేరు, తను చూపగలిగిన కొలతలు చెబుతుంది. ప్లగ్గు వదులై ఆ పరిచయం జరక్కపోతే కంప్యూటరు భయంభయంగా ఏదో చిన్న కొలత పంపుతుంది. అందుకే కేబుల్ మార్చే ముందు రెండు కొసలూ తీసి గట్టిగా పెట్టి చూడాలి. పాత వీజీఏ కేబుల్ అయితే దాంట్లో శబ్దం రాదు, దానికి వేరే వైరు కావాలి.

ఇక తెగిపోయిన అంచు. నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే దీని జవాబు మన ఇళ్ళలోనే ఉంది. డబ్బా టీవీల రోజులు గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆ తర్వాతి ఏళ్ళలో మన ఊళ్ళలో టీవీ పక్కన స్టెబిలైజరు లేని ఇల్లు అరుదు. మెట్ట ఊళ్ళలో మోటార్లు ఆన్ చేసే వేళ వోల్టేజీ పడిపోతే టీవీలో బొమ్మ నాలుగు వైపులా ముడుచుకునేది. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల ధార గీసే బొమ్మ సైజు కరెంటును బట్టి, టీవీ వేడిని బట్టి, దాని వయసును బట్టి మారుతుంది. చుట్టూ నల్ల పట్టీ కనపడితే కొన్నవాళ్ళు ఊరుకోరు కదా. అందుకని తయారీదార్లు బొమ్మను తెర కన్నా కాస్త పెద్దదిగా గీసి, అంచులు చట్రం వెనక్కి పోయేలా పెట్టారు. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. ప్రసారం చేసేవాళ్ళకీ ఇది తెలుసు గనక అక్షరాలు, ముఖాలు అంచుకి రాకుండా చూసుకునేవారు.

ట్యూబు పోయింది, పలకటీవీ వచ్చింది. ఇందులో చుక్కలు ఎక్కడివక్కడ స్థిరంగా ఉంటాయి, వోల్టేజీకి ముడుచుకోవు. అయినా చాలా టీవీలు పాత అలవాటు మానలేదు. వచ్చిన బొమ్మను కొద్దిగా పెంచి అంచులు కోసేస్తాయి. సినిమాలో ఆ తేడా తెలియదు. కంప్యూటరులో వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే కంప్యూటరుకి అంచే ముఖ్యం. లెక్క చూడండి. ఎత్తులో నూటికి అయిదు వంతులు పోతే 1080 గీతల్లో 54 పోతాయి, పైన 27, కింద 27. విండోస్ 10లో స్కేలింగ్ నూటికి నూరు ఉన్నప్పుడు కింది టాస్క్‌బార్ ఎత్తు 40 గీతలు. అంటే సగానికి పైగా మాయం. టైమెంతయిందో కనపడదు, కిటికీ మూసే గుర్తూ కనపడదు.

మందు రిమోట్‌లో ఉంది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ లేదా యాస్పెక్ట్ రేషియో తెరవండి. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', శాంసంగ్‌లో 'స్క్రీన్ ఫిట్' లేక 'ఫిట్ టు స్క్రీన్', సోనీలో 'ఫుల్ పిక్సెల్', ఇంకొన్నిట్లో 'డాట్ బై డాట్' అని ఉంటుంది. పేరేదైనా అర్థం ఒకటే: వచ్చిన చుక్కను వచ్చినట్టే చూపించు. ఈ మార్పు ఆ ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టుకే వర్తించే టీవీలు చాలా ఉన్నాయి, కాబట్టి ఎప్పుడూ అదే పోర్టు వాడండి. కంప్యూటరు గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ బొమ్మను కుదించే మీట ఉంటుంది. చాలామంది ముందు దాన్నే జరుపుతారు. వద్దంటాను. కంప్యూటరు కుదించి, టీవీ పెంచి, రెండుసార్లు నలిగిన అక్షరం ఇక పదునుగా రాదు. టీవీలో ఏ దారీ లేనప్పుడే అటు వెళ్ళండి.

మాస్టారి మూడో ప్రశ్న, అలికిన అక్షరాలు, ఈ రెండూ సరిచేసేసరికి సగం తీరింది. మిగతా సగం రంగుది. ఎరుపు, నీలం అక్షరాల అంచులు ఇంకా ముద్దగానే ఉన్నాయి. వెలుగుతో పోలిస్తే రంగులోని సన్నని వివరం మన కంటికి తక్కువ తెలుస్తుంది గనక, వీడియోలో పక్కపక్క చుక్కలకు ఒకే రంగు పంచి పని తగ్గిస్తారు. సినిమాకి అది చాలు, సన్నటి అక్షరానికి చాలదు. శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో ఆ ఇన్‌పుట్ పేరు మార్చి 'పీసీ' అని పెడితే టీవీ ఆ పంపకం ఆపేస్తుంది. పేరు మారిస్తే బొమ్మ మారడమేమిటని మాస్టారు ఆశ్చర్యపోయారు. వచ్చేది సినిమా కాదు, కంప్యూటరు అని టీవీకి మనమే చెప్పాలి మరి. అన్నట్టు, టీవీ డబ్బా మీద 'హెచ్‌డీ రెడీ' అని ఉంటే చాలావరకు దాని పలక 1366×768. దానికి 1920×1080 పంపితే అక్షరాలు కొంత మెత్తగానే ఉంటాయి, మీ తప్పు కాదు.

నందిగామలో మా అక్కయ్యగారింట్లో కథ వేరు. వాళ్ళది 4కె టీవీ, ల్యాప్‌టాప్ పాతది. బొమ్మ అద్దంలా ఉంది, మౌస్ మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తోంది. 4కె అంటే 3840×2160, మామూలు దానికి నాలుగు రెట్లు చుక్కలు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 ఆ చుక్కల్ని సెకనుకు 30 సార్లే మోయగలదు. 60 సార్లు మోసే 2.0 వచ్చింది 2013లో. 1920×1080కి దిగి 60 హెర్ట్జ్ పెట్టాం, నడక కుదురుకుంది. శబ్దం ల్యాప్‌టాప్‌లోంచే వస్తుంటే స్పీకరు గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి, అంతే.

బొమ్మ కన్నా ముఖ్యమైన మాట ఒకటి. ల్యాప్‌టాప్ లోహపు భాగం ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోందని మాస్టారమ్మగారు అన్నారు. చాలాసార్లు అది ఎర్తింగ్ లోపం. పేట చుట్టూ సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. రాతినేలలో ఎర్త్ గుంట ఎండిపోతే కరెంటు భూమిలోకి దిగదు. అలాంటి ఇంట్లో అన్నీ నడుస్తుండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. టీవీ, ల్యాప్‌టాప్ ఒకే బోర్డు మీద పెట్టండి. స్విచ్చులు కట్టేసి కేబుల్ కలిపి, ఆ తర్వాతే వేయండి. జుమ్మంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, వాయిదా వేయొద్దు.

ఆ ఆదివారం మాస్టారికి పైసా ఖర్చు కాలేదు. పై అంచు దాకా ఫొటో కనపడుతుంటే మనవరాలు తెర దగ్గర నిలబడి నాణేలు లెక్కపెట్టింది. అసలు పలక చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అటు వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.