కాలిబాటపై సైకిలు

గత శీతాకాలంలో ఒకనాడు అస్ర్ నమాజు తరువాత మా మదరసా విద్యార్థి ఒకడు మేడ్చల్‌లో కాలిబాటపై సైకిలు తొక్కుతూ, కూరగాయల సంచితో ఎదురుగా వస్తున్న ఒక అవ్వను ఢీకొన్నాడు. ఆమె మణికట్టు విరిగింది. కింద పడి ఉండి కూడా ఆమె, "నీకేమన్నా దెబ్బ తగిలిందా బిడ్డా?" అని అడిగిందట. పన్నెండేళ్ళ ఆ బాలుణ్ణి మందలించబోయిన మాకు నోట మాట రాలేదు. రోడ్డుపై లారీలుంటాయి, కాలిబాట మీదుగానే రమ్మని వాడికి చెప్పింది మేమే.

ఆ మాట చెప్పే హక్కు మాకు ఉన్నదా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సు అక్కరలేదు. కాలిబాటపై వాహనం నడపరాదన్న ఆ చట్టపు నియమం కూడా మోటారు వాహనాలను ఉద్దేశించినదే. ఇంతవరకు చదివి కొందరు సంతోషిస్తారు. కాని భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ప్రజామార్గంలో ఇతరులకు హాని కలిగేంత నిర్లక్ష్యంగా ఏ వాహనాన్ని నడిపినా ఆరు నెలల వరకు జైలు, లేక వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చునంటుంది. అందులో సైకిలుకు మినహాయింపు లేదు. పైగా 2025 మే 14న సుప్రీంకోర్టు, కాలిబాటను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం పరిధిలోనిదేనని, అంటే జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఆ హక్కు పాదచారిది. జపాన్‌లో పదమూడేళ్ళ లోపు పిల్లలకు, డెబ్బై ఏళ్ళు నిండిన వృద్ధులకు కాలిబాటపై సైకిలు తొక్కే సడలింపు ఉన్నది. ఇంగ్లండులో 1835 నాటి చట్టమే దానిని నిషేధించింది.

మేము ఏళ్ళ తరబడి బోధిస్తున్న 'హిదాయా'లో ఈ చర్చ ఉండనే ఉన్నది. దారిలో సంచరించడం అందరికీ ధర్మసమ్మతమే, అయితే ఇతరులకు హాని కలగకూడదన్న షరతుపై. పశువు కాలికింద ఎవరైనా నలిగితే రౌతు బాధ్యుడు. నడుస్తూ అది వెనుక కాలితో తన్నితే మాత్రం బాధ్యుడు కాడు, ఎందుకంటే దానిని నివారించడం అతని చేతిలో లేదు. అదే పశువును దారిలో నిలిపి ఉంచితే, ఆ తన్నుకూ అతడే బాధ్యుడు. కాలిబాటపై మోటారు సైకిలు నిలిపి నమాజుకు వచ్చే సోదరులు ఈ చివరి వాక్యాన్ని గమనించాలి. ఎన్నోసార్లు ఈ పాఠం చెప్పాము, మా గేటు ముందు వరుసగా నిలిచిన బండ్లను మాత్రం చూడలేదు.

ఇక పిల్లలు ఎటు వెళ్ళాలి? మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి పోతున్నాయి. రెండింటిపైనా భారీ వాహనాలే. నగరానికి పడమట, అవుటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు బాటను సౌర ఫలకాల పైకప్పుతో ప్రారంభించారు. అది వ్యాయామానికి వెళ్ళేవారికి ఎంతో బాగున్నది. బడికి వెళ్ళే మా పిల్లలకు అది చాలా దూరం.

ప్రస్తుతానికి మేము ఒక ఏర్పాటు చేసుకున్నాము. రద్దీ ఉన్నచోట పిల్లలు సైకిలు దిగి, కాలిబాటపై దానిని నడిపించుకుంటూ రావాలి. మిగతా దారిలో ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరుగా రావాలి. గేటు ముందు బండ్లను లోపలి ఆవరణలోకి మార్పించాము. అవ్వ వైద్య ఖర్చు మదరసా నిధి నుంచి కాక, ఉపాధ్యాయులమే పంచుకున్నాము. పిల్లలు ఇప్పుడు పది నిమిషాలు ఆలస్యంగా చేరుతున్నారు. హాజరు పిలిచే సమయాన్ని ఆ మేరకు వెనక్కు జరిపాము.