రాబిన్స్ గోల్, లా మడమ, మోయెస్ పాపం

మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్లపై అపోహలు – వాస్తవాలు

మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు ఎక్కడ కలిసినా మాట చివరికి మేనేజర్ల మీదికే పోతుంది. మాంచెస్టర్ పబ్బుల్లో అంతే, వారాంతాల్లో నిద్ర మానుకుని మ్యాచ్ చూసే హైదరాబాద్ హాస్టల్ గదుల్లోనూ అంతే. అందరికన్నా గొప్పవాడు ఎవరంటే ఫెర్గూసన్ అని క్షణంలో తేల్చేస్తారు. అందరికన్నా పనికిమాలినవాడు ఎవరంటే మాత్రం, కిందటి వారం ఎవరు ఓడితే వాళ్ల పేరు చెబుతారు. ఈ వాదనల్లో వినిపించే కథల్లో చాలావాటిని ఫలితం తెలిశాక అల్లుకున్నారు. తేదీలు, అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే వాటిలో కొన్ని నిలబడవు.

అపోహ: మార్క్ రాబిన్స్ గోల్ కొట్టకపోతే ఫెర్గూసన్ ఉద్యోగం పోయేది.

1990 జనవరి 7. ఎఫ్ఏ కప్ మూడో రౌండ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మైదానంలో మ్యాచ్. మార్క్ హ్యూజ్ బూటు అంచుతో మెలితిప్పి పంపిన బంతికి కుర్రాడు రాబిన్స్ తల తగిలించాడు. యునైటెడ్ 1–0తో గెలిచింది. ఆ గోలే ఫెర్గూసన్‌ను గట్టెక్కించిందని, తర్వాత వచ్చిన 13 లీగ్ టైటిళ్లకూ పునాది అదేనని చెప్పుకుంటారు.

ఫెర్గూసన్‌కు అది గడ్డుకాలమే. 1989 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీ చేతిలో 5–1తో జట్టు చిత్తయింది. డిసెంబరుకల్లా ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అతణ్ని సాగనంపాలంటూ బ్యానర్ లేచింది. లీగ్‌లో ఆ ఏడాది దక్కింది 13వ స్థానం. అయినా ఆ రోజు ఓడినా అతణ్ని తీసేసే ఆలోచన తమకు లేదని ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ తర్వాత స్పష్టంగానే చెప్పాడు. నమ్మకపోతే అంతకుముందు వేసవి ఖర్చు చూడండి. గ్యారీ పాలిస్టర్, పాల్ ఇన్స్, నీల్ వెబ్, మైక్ ఫెలన్, డానీ వాలెస్ అందరినీ ఆ కొన్ని నెలల్లోనే కొన్నారు. పాలిస్టర్ ఒక్కడికే 23 లక్షల పౌండ్లు పెట్టారు. గెంటేయాలనుకున్న మనిషి చేతికి ఎవరూ అంత డబ్బు ఇవ్వరు. పైగా వెబ్ సీజన్ మొదట్లోనే కాలి గాయంతో మంచాన పడ్డాడు. కెప్టెన్ బ్రయాన్ రాబ్సన్‌కూ గాయమే. ఇవన్నీ బోర్డుకు తెలుసు.

కథలో నిజం పాలు లేకపోలేదు. ఆ ఏడాది యునైటెడ్ సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే కప్పు గెలిచింది. సెమీఫైనల్ రీప్లేలో ఓల్డ్‌హామ్‌పై గెలుపు గోల్ కొట్టింది కూడా రాబిన్సే. ఫైనల్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో 3–3 డ్రా అయ్యాక రీప్లేలో లీ మార్టిన్ గోల్‌తో 1–0తో గట్టెక్కింది. దారిలో ఎక్కడో ఒకచోట ఓడి, ఆ వేసవి కప్పు లేకుండా ముగిసి ఉంటే బోర్డు ఓపిక ఎంతకాలం నిలిచేదో ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. రాబిన్స్ గోల్ ఆ దారిలో మొదటి మెట్టు. ఫెర్గూసన్‌ను కాపాడింది అదొక్కటే అనడం మాత్రం కట్టుకథ.

అపోహ: ఎవరికైనా ఫెర్గూసన్‌కిచ్చినంత సమయం ఇస్తే చాలు.

కొత్త మేనేజర్ తడబడిన ప్రతిసారీ ఈ మాట పైకి వస్తుంది. మొదటి లీగ్ టైటిల్‌కు ఫెర్గూసన్‌కు ఆరేళ్లు దాటింది కదా అంటారు. లెక్క నిజమే. 1986 నవంబరులో వచ్చాడు, 1993లో గెలిచాడు. మధ్యలో 11, 2, 11, 13, 6, 2 స్థానాలు. ఒక్కసారి రెండో స్థానానికి ఎగబాకి మళ్లీ 11కి జారినవాణ్ని ఇవాళ ఏ క్లబ్బూ భరించదు.

కానీ అతను చేతులూపుకుంటూ వచ్చినవాడు కాదు. స్కాట్లాండ్‌లో సెల్టిక్, రేంజర్స్ పెత్తనాన్ని బద్దలుకొట్టి అబర్డీన్‌కు మూడు లీగ్ టైటిళ్లు తెచ్చినవాడు. 1983లో గోథెన్‌బర్గ్‌లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి కప్ విన్నర్స్ కప్ అందుకున్నవాడు. యునైటెడ్‌కు వచ్చీరాగానే కుర్రాళ్ల జట్లను, స్కౌట్లను మొదలంటా మార్చాడు. ఆ పని ఫలితం పాయింట్ల పట్టికలో కనబడలేదు గాని బోర్డు గదిలో కనబడింది. గిగ్స్, బెక్‌హామ్, బట్, గ్యారీ నెవిల్ ఉన్న జట్టు 1992లో ఎఫ్ఏ యూత్ కప్ గెలిచాక అందరికీ కనబడింది. పని జరుగుతోందన్న నమ్మకం కుదిరింది కాబట్టి సమయం దొరికింది. సమయం దొరికినవాళ్లంతా ఫెర్గూసన్లు కాలేదు. డేవ్ సెక్స్‌టన్‌కు నాలుగేళ్లు ఇచ్చారు. 1980లో లీగ్‌లో రెండో స్థానం, 1979లో ఎఫ్ఏ కప్ ఫైనల్, అంతే. విచిత్రమేమిటంటే 1981లో అతణ్ని తీసేసేనాటికి జట్టు వరసగా ఏడు లీగ్ మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఆట చప్పగా ఉందని జనం పెదవి విరిచారు. ఏడు గెలుపులు దానికి విరుగుడు కాలేదు.

ఒక్క ఓటమితో మనిషిని కొలవకూడదన్నదానికి మన హైదరాబాద్‌లోనే సాక్ష్యం ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో మట్టికరిచింది. ఆ రహీం చేతిలోనే జట్టు 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. అయితే అతనూ ఊరికే నమ్మకం సంపాదించలేదు. 1951 ఆసియా క్రీడల స్వర్ణం అప్పటికే చేతిలో ఉంది, అతని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకుపోయింది.

అపోహ: డెనిస్ లా మడమతో తన్నిన గోలే యునైటెడ్‌ను రెండో డివిజన్‌కు పంపింది.

1974 ఏప్రిల్ 27. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్. ఒకప్పుడు యునైటెడ్ అభిమానులు దేవుడిలా కొలిచిన లా ఇప్పుడు సిటీ చొక్కాలో ఉన్నాడు. అతణ్ని ఉచితంగా వదిలేసింది మేనేజర్ టామీ డోకర్టీయే. లా బంతిని మడమతో వెనక్కి తన్నాడు, గోల్ అయింది. సంబరం చేసుకోకుండా తలవంచుకుని మైదానం వీడాడు. జనం మైదానంలోకి దూకారు. సిటీ 1–0. ఇంతకన్నా బాగా ఏ సినిమా రచయితా రాయలేడు.

కానీ అదే మధ్యాహ్నం బర్మింగ్‌హామ్ 2–1తో నార్విచ్‌పై గెలిచింది. ఆ ఫలితంతో, యునైటెడ్ సిటీని ఓడించినా కిందికి పోవాల్సిందే. లా కొట్టింది అప్పటికే పడిపోయిన జట్టు మీద. ఆ సీజన్ ఎంత దిక్కుమాలినదంటే, క్రిస్మస్ నాటికి జట్టులో అత్యధిక గోల్స్ కొట్టినవాళ్ల వరసలో గోల్‌కీపర్ అలెక్స్ స్టెప్నీ ఉన్నాడు, రెండు పెనాల్టీలతో.

మరి జట్టును కిందికి దించిన డోకర్టీయే అధముడా? అభిమానులు అతణ్ని తిట్టుకోలేదు. మరుసటి ఏడాది రెండో డివిజన్‌లో ఆడుతున్న యునైటెడ్ ఆటకే ఇంగ్లండ్‌లో అందరికన్నా ఎక్కువ జనం వచ్చారు. ఏడాదిలోనే పైకి వచ్చింది. 1977 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్‌ను 2–1తో ఓడించి, ఆ జట్టు మూడు ట్రోఫీల కలను చెడగొట్టింది. ఆ తర్వాత కొన్ని వారాలకే డోకర్టీ ఉద్యోగం పోయింది. ఆట వల్ల కాదు, క్లబ్ ఫిజియో భార్యతో ప్రేమ వ్యవహారం వల్ల.

అపోహ: గెలుపు శాతం చూస్తే ఎవరు గొప్పో తేలిపోతుంది.

ఈ కొలబద్ద పట్టుకుంటే డేవిడ్ మోయెస్ మాట్ బస్బీకన్నా మెరుగు. మోయెస్ 51 మ్యాచ్‌ల్లో 27 గెలిచాడు, దాదాపు 53 శాతం. బస్బీ వెయ్యికిపైగా మ్యాచ్‌ల్లో గెలిచింది సుమారు సగం. ఈ లెక్క చెప్పి ఓల్డ్ ట్రాఫర్డ్ బయట నిలబడి చూడండి! బస్బీ రోజుల్లో గెలుపుకు రెండే పాయింట్లు. డ్రా చేసుకున్నా సగం ఫలం దక్కేది. 1981లో మూడు పాయింట్ల పద్ధతి వచ్చాక గెలుపు విలువ మారింది. డబ్బున్న నాలుగైదు క్లబ్బులే లీగ్‌ను ఏలడమూ ఈ కాలపు సంగతే.

అంకెలు అన్యాయం చేసినవాడు ఇంకొకడున్నాడు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది చనిపోయారు, అందులో ఎనిమిదిమంది ఆటగాళ్లు. బస్బీ ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉంటే సహాయకుడు జిమ్మీ మర్ఫీ జట్టును నడిపాడు. వేల్స్ జట్టు మేనేజర్‌గా కార్డిఫ్‌లో మ్యాచ్ ఉండబట్టి అతను ఆ విమానం ఎక్కలేదు. మిగిలిన 14 లీగ్ మ్యాచ్‌ల్లో జట్టు గెలిచింది ఒక్కటే. శాతం చూస్తే అంతకన్నా ఘోరం లేదు. కుర్రాళ్లను, అక్కడా ఇక్కడా తెచ్చుకున్నవాళ్లను కూడగట్టి ఆ మనిషి యునైటెడ్‌ను అదే ఏడాది ఎఫ్ఏ కప్ ఫైనల్‌దాకా తీసుకుపోయాడు. నా దృష్టిలో ఈ క్లబ్ చరిత్రలో అంతకు మించిన మూడు నెలల పని లేదు.

అపోహ: మహానుభావుడి తర్వాత వచ్చినవాడు మునిగిపోవాల్సిందే.

బస్బీ తర్వాత విల్ఫ్ మెక్‌గిన్నెస్, ఫ్రాంక్ ఓఫారెల్ మునిగారు. ఫెర్గూసన్ తర్వాత మోయెస్ మునిగాడు. ఇదేదో శాపమనుకుంటారు. పక్క ఊరు లివర్‌పూల్ చూస్తే ఆ శాపం కనిపించదు. 1974లో బిల్ శాంక్లీ దిగిపోతే సహాయకుడు బాబ్ పెయిస్లీ వచ్చి తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. యూర్గెన్ క్లోప్ వెళ్లిపోయిన మరుసటి ఏడాదే, 2024–25లో, ఆర్నె స్లాట్ లీగ్ గెలిచాడు. అక్కడ మేనేజర్ మారినా చుట్టూ ఉన్న యంత్రాంగం నిలిచింది.

యునైటెడ్‌లో రెండుసార్లూ అది లేదు. బస్బీ పదవి వదిలినా జనరల్ మేనేజర్‌గా అదే ప్రాంగణంలో ఉన్నాడు. 31 ఏళ్ల మెక్‌గిన్నెస్ తనకన్నా పెద్ద పేరున్న ఆటగాళ్లను ఆ నీడలో అదుపు చేయాల్సి వచ్చింది. 2013లోనైతే ఫెర్గూసన్‌తోపాటు చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయాడు. ఆటగాళ్ల కొనుగోళ్లు ఆ పనికి కొత్తవాడైన ఎడ్ వుడ్‌వర్డ్ చేతికి వచ్చాయి. ఆ వేసవి దక్కిన పెద్ద కొనుగోలు ఫెలాయినీ ఒక్కడే. పాత శిక్షకులను సాగనంపి తన మనుషులను తెచ్చుకోవడం మాత్రం మోయెస్ స్వయంగా చేసుకున్న తప్పు.

అపోహ: చరిత్రలో అధముడు మోయెస్.

ఛాంపియన్ జట్టును అప్పగిస్తే ఏడో స్థానానికి తెచ్చాడన్నది అభియోగం. 89 పాయింట్ల జట్టు 64కి పడింది నిజమే. ఫుల్‌హామ్‌పై 81 క్రాస్‌లు వేయించి 2–2తో సరిపెట్టుకోవడమూ నిజమే. 2014 మార్చిలో అతణ్ని వద్దంటూ విమానంతో బ్యానర్ ఎగరేశారు. ఆ రోజు జట్టు ఆస్టన్ విల్లాపై 4–1తో గెలిచింది, అది వేరే సంగతి. కానీ చేతికొచ్చిన జట్టులో స్కోల్స్ అప్పటికే రిటైరయ్యాడు, గిగ్స్‌కు 40 దగ్గరపడ్డాయి, ఫెర్డినాండ్, ఎవ్రా ముప్పై దాటేశారు. తర్వాతి వాళ్ల లెక్కలూ చూడండి. 2021–22లో 58 పాయింట్లు. 2023–24లో టెన్ హాగ్ కింద ఎనిమిదో స్థానం. 2024–25లో 42 పాయింట్లతో 15వ స్థానం. ఆ సీజన్‌ను మొదలుపెట్టింది టెన్ హాగ్, ముగించింది అమోరిమ్, కాబట్టి ఆ పాపంలో ఇద్దరికీ వాటా ఉంది. పదేళ్లలో ఇంతమంది మారినా పరిస్థితి మారలేదంటే అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారన్నమాట. మోయెస్ మాటకొస్తే, 2023లో కాన్ఫరెన్స్ లీగ్ గెలిపించి వెస్ట్‌హామ్‌కు 43 ఏళ్ల తర్వాత పెద్ద ట్రోఫీ అందించాడు.

అసలు ఘోరం చూడాలంటే 1930–31కి వెళ్లాలి. మేనేజర్ హెర్బర్ట్ బామ్లెట్, 1914 ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు రిఫరీగా నిలిచిన మనిషి. ఆ సీజన్ మొదటి 12 లీగ్ మ్యాచ్‌లూ యునైటెడ్ ఓడింది. సెప్టెంబరులో సొంత మైదానంలో నాలుగు రోజుల వ్యవధిలో హడర్స్‌ఫీల్డ్‌కు ఆరు, న్యూకాజిల్‌కు ఏడు గోల్స్ సమర్పించుకుంది. సీజన్ మొత్తం మీద 115 గోల్స్, 22 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. చివరి మ్యాచ్‌కు నాలుగు వేల మంది కూడా రాలేదు. బామ్లెట్‌నూ పూర్తిగా తప్పుపట్టలేం. ఖజానా ఖాళీ. 1931 డిసెంబరులో జేమ్స్ గిబ్సన్ అనే వ్యాపారి చేయి అందించేదాకా ఆటగాళ్ల జీతాలకే దిక్కులేదు. పైగా జట్టు ఎంపికలో డైరెక్టర్ల మాట చెల్లే రోజులవి. జట్టు మీద పూర్తి అధికారం నాదేనని పట్టుబట్టి సాధించుకున్నవాడు 1945లో బస్బీ. అప్పటికి ఓల్డ్ ట్రాఫర్డ్ బాంబుదాడిలో కూలి ఉంది. 1949దాకా జట్టు ‘సొంత’ మ్యాచ్‌లన్నీ సిటీ మైదానంలో ఆడింది. ఆ శిథిలాల్లోంచి ఒక జట్టు, మ్యూనిక్ తర్వాత మరో జట్టు కట్టి 1968లో యూరోపియన్ కప్ ఎత్తినందుకు నా ఓటు ఫెర్గూసన్‌కు కాదు, బస్బీకే. అధముణ్ని ఎంచాలనుకునేవారు మోయెస్ పేరెత్తే ముందు ఒక్కసారి 1930–31 పట్టిక తెరిచి చూడండి.