మీకు తెలుసా? ఫైబర్ పడవకూ పొక్కులొస్తాయి

భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజుల్లో పడవే దారి. ఫైబర్ బోటంటే గాజునార పొరలను రెజిన్‌తో అతికించినదే. తుప్పు పట్టదు, చెద పట్టదు. కానీ ఏళ్ల తరబడి పైపూతలోంచి నీరు ఊరి పొక్కులు లేస్తాయి. గుచ్చి చూస్తే వెనిగర్ వాసన!

పాత బోటు బాగుచేసేవాళ్లు ముందు చిన్న సుత్తితో తట్టి వింటారు. 'టక్' అంటే గట్టిది. డొల్లగా మోగితే పొరలు విడిపోయాయన్నమాట. ఇంజన్ బిగించే వెనక పలక మరీ అనుమానించాల్సింది, లోపలి ప్లైవుడ్ చడీచప్పుడు లేకుండా కుళ్లుతుంది. పావు అంగుళం మందమున్న చోట పగులుంటే చుట్టూ మూడు అంగుళాలు వాలుగా అరగదీసి, బాగా ఆరాకే కొత్త పొరలు వేయాలి. రంగు చివరి పని.