ఒకసారి ఇస్తే... ఎప్పటికీ ఇచ్చినట్టే!

మసీదులో దీపానికి, దర్గాలో అన్నానికి, పేద పిల్లల చదువుకు ఎవరో ఎప్పుడో రాసిచ్చిన భూములవి. అమ్మకూడదు. దానమివ్వకూడదు. వారసులు పంచుకోకూడదు. అయినా ఏటికేడు కరిగిపోతున్నాయి. ఎందుకని?

మోతె సెంటర్లో నిలబడి 'సైదులూ...' అని గట్టిగా పిలిచి చూడండి. తల తిప్పేవాళ్లంతా ముస్లింలే అనుకుంటే పొరపాటే. వాళ్లలో రైతులుంటారు, ఆటో తోలేవాళ్లుంటారు, అన్ని కులాలవాళ్లూ ఉంటారు. ఆడవాళ్లయితే సైదమ్మలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు ఒక్క మతానిది కాదు. పిల్లలు పుట్టాలనో, పుట్టిన బిడ్డ బతకాలనో జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకున్న ఇళ్లలో వినిపించే పేరది.

సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో ఉంది జాన్‌పహాడ్ దర్గా. ఏటా జనవరిలో ఉర్సు. గంధం ఊరేగింపు చూడటానికి అటు తెలంగాణ నుంచీ, ఇటు ఆంధ్ర నుంచీ జనం వస్తారు. కందూరు చేసి, పదిమందికి వండిపెట్టి, మొక్కు తీర్చుకుని వెళ్తారు. శుక్రవారాల్లోనూ అదే సందడి.

ఉర్సునాడు కనిపించేది భక్తి. మరి జనం వెళ్లిపోయాక? దీపంలో నూనె ఎవరు పోయాలి? గోడ కూలితే ఎవరు కట్టాలి? ఊడ్చే మనిషికి కూలి ఎవరివ్వాలి? ఈ లెక్క వెనకటివాళ్లకు బాగా తెలుసు. అందుకే గుడి కట్టినవాళ్లు దేవుడికి మాన్యం రాశారు. మసీదు, దర్గా కట్టినవాళ్లు వక్ఫ్ చేశారు.

యజమాని ఎవరు?

అరబ్బీలో 'వక్ఫ్' అంటే ఆపడం, నిలిపి ఉంచడం. ఆస్తిని చేతులు మారకుండా ఆపేసి, దాని మీద వచ్చే ఫలితాన్ని మాత్రం మంచి పనికి వదిలేయడం. దీనికి మూలంగా ఖలీఫా ఉమర్ కథ చెబుతారు. ఖైబర్‌లో ఆయనకు మంచి భూమి దక్కింది. దాన్నేం చేయాలని ప్రవక్తను అడిగితే, భూమిని అలాగే ఉంచి దాని పంటను దానం చేయమన్నారట. అలా ఆ నేల అమ్మకానికి, బహుమతికి, వారసత్వానికి అందకుండా పోయింది. పేదలకు, బాటసారులకు మాత్రం అందింది.

ముస్లిం ధర్మశాస్త్రం చెప్పేదీ ఇదే. ఇచ్చినవారిని వాకిఫ్ అంటారు. ఇచ్చాక ఆయనకు హక్కు లేదు. చూసుకునేవారు ముతవల్లీ. ఆయనకూ హక్కు లేదు. ఆస్తి దేవుడిదే. ముతవల్లీ కేవలం నిర్వాహకుడేనని 1921లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చిచెప్పింది. మరణశయ్య మీద ఉన్నవారు, వారసులు ఒప్పుకోకపోతే ఆస్తిలో మూడోవంతుకు మించి వక్ఫ్ చేయడానికి వీల్లేదు. ఉన్నదంతా దేవుడి పేర రాసి పిల్లల్ని రోడ్డున పడేయకూడదన్నమాట.

మరి పిల్లల కోసమే వక్ఫ్ చేస్తే? అదీ ఉంది. 'వక్ఫ్ అలల్ ఔలాద్' అంటారు. వంశం ఉన్నన్నాళ్లూ ఆదాయం కుటుంబానికి, ఆ తర్వాత పేదలకు. ఇది దానం ముసుగులో స్వార్థమేనంటూ 1894లో ప్రీవీ కౌన్సిల్ అలాంటి ఒక వక్ఫ్‌ను కొట్టేసింది. ముస్లింలలో అసంతృప్తి పెరిగింది. చివరికి 1913లో అలాంటి వక్ఫ్‌లు చెల్లుతాయని చట్టం వచ్చింది. ఆ బిల్లును ముందుకు నడిపింది మహ్మద్ అలీ జిన్నా.

'ఇనాం' అరిగిపోయింది

నిజాం ఏలుబడిలోని మన పల్లెలకు వస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. ఇక్కడ చాలా భూములు 'మష్రూతుల్ ఖిద్మత్' కింద ఇచ్చినవి. అంటే సేవ చేయాలన్న షరతుతో ఇచ్చినవి. మసీదులో నమాజు చేయించే ఇమాం, దర్గాను కనిపెట్టుకునే ముజావర్, పీర్ల కొట్టంలో పీర్లను నిలబెట్టే మనిషి... ఆ పని చేసినన్నాళ్లూ నేల దున్నుకుని తినాలి. నేల మాత్రం ఆ సంస్థదే. ఫలానా భూమి ఫలానా సేవకు అని చెప్పే పత్రం పేరు ముంతఖబ్. ఆ వివరాలు ఎక్కే రిజిస్టరు కితాబుల్ అవ్కాఫ్. 1995 నాటి వక్ఫ్ చట్టం కూడా మష్రూతుల్ ఖిద్మత్‌ను పేరుపెట్టి మరీ వక్ఫ్ నిర్వచనంలో చేర్చింది.

ఇంత పకడ్బందీగా రాసుకున్నాక భూమి ఎలా పోతుంది? ఒక్కరోజులో పోదు. తాత సేవ చేశాడు, దున్నుకున్నాడు. తండ్రి సేవ సగం మానేశాడు, దున్నడం మానలేదు. మనవడు పట్నం వెళ్లి భూమి కౌలుకిచ్చాడు. పహాణీలో అనుభవదారు గడిలో ఉన్న పేరు ఎప్పుడో పట్టాదారు గడిలోకి జరిగింది. పక్కనున్న 'ఇనాం' అన్న మాట ఒక నకలులో రాయడం మరిచారు. ఆ తర్వాతి నకళ్లన్నీ దాన్ని చూసి రాసినవే. ఇక మిగిలింది మామూలు పట్టా భూమి. దాన్ని కొన్నవాడు దొంగేం కాదు. కూతురి పెళ్లికి దాచిన డబ్బుతో ప్లాటు కొన్న మామూలు మనిషి. మోతె మీదుగా సాగే సూర్యాపేట–ఖమ్మం దారి నాలుగు వరసలైంది. ఇలాంటి రోడ్ల పక్కన గజాల లెక్కన బేరాలు మొదలైతే ఆ పాత మాట ఎవరికి గుర్తుంటుంది?

కోర్టు మెట్ల మీద రెండు కథలు

'ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే'. 1998లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని మళ్లీ చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డుకు, సయ్యద్ అలీ తదితరులకు మధ్య నడిచిన కేసు. ఇనాంల రద్దు చట్టం కింద పట్టా ఇచ్చినంత మాత్రాన, అంతకుముందే దేవుడికి అంకితమైన భూమి స్వభావం మారదని తీర్పు. వక్ఫ్ పక్షాన వాదించేవాళ్లకు ఇప్పటికీ అదే ఆయుధం.

రెండో కథ హైదరాబాద్ శివార్లలోని మణికొండది. అక్కడి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన ఆస్తిని 1989లో గెజిట్‌లో ప్రకటించారు. ఎంతో తెలుసా? 5,506 చదరపు గజాలు. ఎకరం కన్నా కాస్త ఎక్కువ. పదిహేడేళ్ల తర్వాత, 2006లో సవరణ ప్రకటన వచ్చింది. ఈసారి 1,654 ఎకరాల 32 గుంటలు! ఈలోగా అక్కడ సైబరాబాద్ మొలిచింది. ప్రభుత్వం ఐటీ కంపెనీలకు, విద్యాసంస్థలకు స్థలాలిచ్చేసింది. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు పక్షాన నిలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. జాగీర్ల రద్దుతో ఆ భూమి ప్రభుత్వపరమైందని, దర్గాకు దక్కేది పరిహారం మాత్రమేనని చెప్పింది.

మొదటి కథలో సూత్రం గెలిచింది. రెండో కథలో ఆ సూత్రానికి అడుగుపెట్టే చోటే దొరకలేదు. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే... నిజమే. కానీ ఆ 'ఒకసారి' వక్ఫ్ అయిందని కాగితం మీద చూపించాలిగా!

పేరు గొప్ప... రాబడి దిబ్బ

దేశవ్యాప్తంగా 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు రిజిస్టరయ్యాయని, వాటి కింద సుమారు 6 లక్షల ఎకరాలు ఉన్నాయని 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలు. ఏడాది రాబడి? 163 కోట్లు! సరిగ్గా వాడుకుంటే ఏటా 12 వేల కోట్లు రావచ్చని ఆ కమిటీ అంచనా. అంటే ఎన్ని బడులు, ఎన్ని ఆసుపత్రులు, ఎందరు వితంతువులకు పింఛన్లు!

తెలంగాణలో వక్ఫ్ భూములు సుమారు 77 వేల ఎకరాలని, అందులో 57 వేల పైచిలుకు ఆక్రమణల్లో ఉన్నాయని అధికార వర్గాల లెక్కగా పత్రికల్లో పదేపదే వచ్చింది. అంటే నాలుగెకరాల్లో మూడు పరాధీనమే. 2017 నవంబరులో ప్రభుత్వం హైదరాబాద్‌లోని వక్ఫ్ బోర్డు రికార్డుల గదులకు సీలు వేయించింది. కాగితాలు మాయం కాకుండా ఉండాలని. కానీ కేసు వాదించడానికి ఆ కాగితమే కావాలి కదా అని బోర్డు వైపు నుంచి మొర.

ఆక్రమణ అంటే కబ్జాదారు ఒక్కడే గుర్తొస్తాడు. ఎప్పటిదో అద్దె ఇస్తూ నడిబజారు మడిగెలో కూర్చున్నవారూ, చీటీ ముక్క మీద ఏళ్ల తరబడి కౌలు రాసిచ్చిన ముతవల్లీలూ, స్థలం వాడుకుని డబ్బు కట్టని సర్కారు ఆఫీసులూ... అందరికీ ఇందులో వాటా ఉంది.

గడియారం తిరుగుతోంది

2025 ఏప్రిల్ 8న కొత్త సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాని మీద దేశమంతా పెద్ద చర్చే జరిగింది. బోర్డుల్లో ముస్లిమేతర సభ్యులు, కలెక్టర్లకు అధికారాలు వంటి అంశాలు సుప్రీంకోర్టుకెక్కాయి. అదే ఏడాది సెప్టెంబరు 15న కోర్టు కొన్ని నిబంధనలను ఆపుతూ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. ఆ వాదోపవాదాల హోరులో పల్లెలకు నేరుగా తగిలే మూడు మార్పులు పెద్దగా వినిపించలేదు.

మొదటిది, ఇకపై నోటిమాటతో వక్ఫ్ కుదరదు. దస్తావేజు ఉండాల్సిందే. రెండోది, తరతరాల వాడుకతో వక్ఫ్ అయ్యే పద్ధతి ఇక మీదట లేదు. చట్టానికి ముందే రిజిస్టరైనవి కొనసాగుతాయి, కానీ వివాదం ఉన్నవీ, ప్రభుత్వ భూములూ మినహాయింపు. ఊరి ఖబ్రస్తాన్‌కు కాగితం లేకపోతే చిక్కే. మూడోది మరీ ముఖ్యం. వక్ఫ్ ఆస్తిని తిరిగి రాబట్టే దావాకు ఇదివరకు కాలపరిమితి లేదు. ఇప్పుడు ఆ రక్షణ పోయింది. నిద్రపోయిన ముతవల్లీ మేలుకునేసరికి గడువు దాటిపోవచ్చు.

వివరాలన్నీ 'ఉమీద్' పోర్టల్‌లో ఎక్కించడానికి 2025 జూన్ నుంచి ఆరు నెలల గడువిచ్చారు. తాతల నాటి ఉర్దూ పత్రాలు, చిరిగిన ముంతఖబ్‌లు, చదవగలిగే మనిషి కోసం వెతుకులాట... ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు.

కొనేముందు ఒక్క క్షణం!

ఏ మతస్థులైనా సరే, ప్లాటు కొనేముందు పాత రికార్డు తిరగేయాలి. సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీలో 'ఇనాం' అని గానీ, మసీదు, దర్గా, ఆషూర్‌ఖానా పేర్లు గానీ ఉన్నాయేమో చూడాలి. వక్ఫ్ గెజిట్‌లోనూ, రిజిస్ట్రేషన్ చట్టం 22–ఏ కింద ఉన్న నిషేధిత జాబితాలోనూ సర్వే నంబరును సరిచూసుకోవాలి. వక్ఫ్ ఆస్తిని అమ్మినా, దానమిచ్చినా, తాకట్టు పెట్టినా ఆ పత్రం చెల్లదు. అన్నిటికన్నా ముందు ఊళ్లో పెద్దల్ని అడగాలి. ఏ చెలక మీద పంటతో పీర్ల కొట్టంలో దీపం వెలిగేదో వాళ్లకు తెలుసు.

బిడ్డ బతికితే సైదులని పేరు పెట్టి, మేకను కోసి ఊరికి అన్నం పెట్టి వస్తారు జాన్‌పహాడ్ వెళ్లినవాళ్లు. మొక్కు తీర్చాక, వచ్చే ఏడు ఆ మేక నాదని ఎవరూ వెనక్కి అడగరు. ఆ నేలా అంతే. ఎవరో ఎప్పుడో తీర్చుకున్న మొక్కు. అడిగి తీసుకునే హక్కు ఎవరికీ లేదు... ఇచ్చినవాళ్ల వారసులకైనా సరే!