మన బడికి టీచరు ఎందుకు రావడం లేదు?

"అక్కా, తెలుగు టీచరమ్మ రిటైరై రెండేళ్లు కావస్తోంది. కొత్తామె ఎప్పుడొస్తుంది?" ఈమధ్య కొళాయి దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఆఖరికి మిల్లులో షిఫ్టు మారేటప్పుడు కూడా నన్ను అడిగే ప్రశ్న ఇదే. నేను బడి కమిటీలో ఉన్నాను గనక జవాబు కొంగున కట్టుకొని తిరుగుతున్నానని అందరి నమ్మకం. ఊరికే "వస్తుందిలే" అనేయడం నాకిష్టం లేదు. హెడ్మాస్టరు గారిని అడిగాను. టీచరు పరీక్షకు చదువుతున్న పిల్లల్ని అడిగాను. చట్టంలో ఏముందో చదివించుకున్నాను. తెలిసింది ఈ నెల మీ ముందు పెడుతున్నా.

ముందే ఒక్క మాటలో చెప్పేస్తాను. పిల్లలు తక్కువగా ఉన్నారని టీచరును వేయరు. టీచరు లేరని మనం పిల్లల్ని పంపం. ముడి ఇక్కడ పడింది. దీని ఒక కొస సర్కారు చేతిలో ఉంది, ఇంకో కొస మన చేతిలో ఉంది.

పోస్టు ఎక్కడ పుడుతుంది?

మిల్లులో ఇన్ని ఫ్రేములు నడుస్తున్నాయి గనక ఇంతమంది సైడర్లు కావాలని లెక్క వేస్తారు కదా. బడిలోనూ అంతే. ప్రతి ఏడాది ఆగస్టు 1న రిజిస్టరులో ఎంతమంది పిల్లలున్నారో చూసి, ఆ బడికి ఎన్ని పోస్టులో తేలుస్తారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలి. లెక్కకు మించి ఉన్న టీచర్లను అవసరమున్న ఇంకో బడికి మారుస్తారు.

అదే చట్టంలో ఇంకో మంచి మాట ఉంది. ఏ బడిలోనైనా మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పదో వంతుకు మించకూడదు. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒక పోస్టు ఖాళీ అయితే సగం ఖాళీ అయినట్టే. అప్పుడు మనం గట్టిగా అడగొచ్చు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పోస్టు ఉంటేనే ఖాళీ ఉంటుంది. పిల్లలు తగ్గారని పోస్టునే తీసేస్తే కాగితం మీద ఖాళీయే కనిపించదు. "మీ బడిలో ఖాళీలు లేవమ్మా" అంటే మనం నోరు మూసుకొని రావాల్సిందే.

మన భాష సంగతికొస్తే, 1949 ఆగస్టులో అప్పటి రాష్ట్రాల విద్యామంత్రులంతా కూర్చొని ఒక తీర్మానం చేశారు. బడి మొత్తంలో ఒక భాష పిల్లలు 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే వాళ్ల భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచరును వేయాలని. 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. చిన్న తరగతుల్లో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. అంటే మనం అడిగేది దానం కాదు.

మరి మన పిల్లలు లెక్కకు వస్తున్నారా? బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. ఆ వివరమే కంప్యూటరులోకి ఎక్కుతుంది. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఇంట్లో అవ్వా తాతలతో తెలుగే మాట్లాడే చాలామంది ఆ గడిలో "తమిళం" అని రాయించారు. "రాసేవాళ్లే రాశారక్కా, మేం చూడలేదు" అన్నారు. ఒక్క గడితోనే పోస్టు రాదు, నిజమే. కానీ మన పిల్లలు కాగితం మీద లేకపోతే ఎవరి కోసం టీచరును అడుగుతాం?

తమిళమూ కావాలి, తెలుగూ కావాలి

2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా విడిపోయినప్పుడు హోసూరు, డెంకణికోట వైపు తెలుగు బడులు అటు వెళ్లాయి. ధర్మపురి వైపు మిగిలిన మనం కొద్దిమందిమి, అదీ చెదురుమదురుగా ఉన్నాం. ఆ తర్వాత రెండేళ్లకే తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. 2006–07లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేశారు. 2015–16కు అది పదో తరగతికి చేరింది. తమిళం చెప్పే టీచర్లను సరిగా వేయకుండానే మా పిల్లల్ని పరీక్ష రాయమంటే ఎలా అని భాషా మైనారిటీల వాళ్లు కోర్టుకు వెళ్లారు. హైకోర్టు మినహాయింపులు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో ఏడాది పొడిగించింది.

తమిళం వద్దని నేను అనడం లేదు. ఇక్కడే పుట్టాం, ఇక్కడే పని చేస్తున్నాం, తమిళం రాకపోతే మన పిల్లలే నష్టపోతారు. కానీ ఈ గొడవలో కూడా చివరికి అడ్డం వచ్చింది టీచర్ల కొరతే. తమిళం నేర్పడానికైనా టీచరు కావాలి, తెలుగు నేర్పడానికైనా టీచరు కావాలి.

పరీక్ష మీద పరీక్ష

ఇక టీచరు అయ్యే దారి చూద్దాం. చిన్న తరగతులకైతే ప్లస్ టూ తర్వాత రెండేళ్ల డిప్లొమా చదవాలి. ఆ తర్వాత టెట్ రాయాలి. 150 మార్కుల పేపరు. అందులో పిల్లల మనస్తత్వం, మొదటి భాష, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాలు, ఒక్కోదానికి 30 మార్కులు. మొదటి భాషగా తెలుగు కూడా ఎంచుకోవచ్చు. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

పరీక్ష తేలిక కాదు. 2012 జూలైలో తమిళనాడులో మొదటిసారి టెట్ పెట్టినప్పుడు ఆరున్నర లక్షల మందికి పైగా రాస్తే 2,448 మంది పాసయ్యారు. ఇప్పుడు అంత ఘోరంగా లేదు గానీ, టెట్ పాసైనంత మాత్రాన ఉద్యోగం రాదు. 2018లో వచ్చిన జీవో ప్రకారం పోస్టు కోసం ఇంకో పోటీ పరీక్ష రాయాలి. చిన్న తరగతుల టీచర్లకు ఆ పరీక్ష 2024 జూలై 21న జరిగింది. అంటే పాసై కూర్చున్నవాళ్లు ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. దీనికి తోడు 2021 డిసెంబరు నుంచి రాష్ట్ర ఉద్యోగ పరీక్షలన్నింటిలో తమిళం పేపరు తప్పనిసరి అయ్యింది. అందులో 40 శాతం రాకపోతే మిగతా పేపరు దిద్దరు. కాబట్టి తెలుగు టీచరు కావాలనుకునే పిల్లకు తమిళం కూడా బాగా రావాలి.

పనిలో ఉన్నవాళ్లకూ గండం తప్పలేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయిదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలి ఉండి టెట్ లేని టీచర్లు రెండేళ్లలో పాస్ కావాలని.

"ఆంధ్రాలో పోయి రాయరాదా, అక్కడ 2025లో ఒకేసారి 16,347 పోస్టులు వేశారంట" అని కుప్పం నుంచి మా వదిన అంటుంది. అక్కడ ఎక్కువ పోస్టులు స్థానికులకే. మన పిల్లలు అక్కడ స్థానికులు కారు. పైగా మనకు కావాల్సింది ఇక్కడి బడిలో టీచరు గదా.

జీతం సంగతి

2022లో ప్రభుత్వం 13,331 ఖాళీలను బడి కమిటీల ద్వారా తాత్కాలికంగా నింపమంది. చిన్న తరగతుల టీచరుకు నెలకు 7,500 రూపాయలు అన్నారు. ఈ నియామకాల గొడవ మదురై హైకోర్టు బెంచి దాకా వెళ్లింది. మిల్లులో బదిలీ పని అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రేపు పని ఉంటుందో ఉండదో తెలియని మనిషి ఎంత మనసు పెట్టి చేస్తుంది? రెండేళ్లు డిప్లొమా చదివి, టెట్ పాసైన పిల్లను 7,500కు రమ్మంటే ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇది మన కాలం మాటే కాదు. థామస్ మన్రో అనే దొర 1792 నుంచి ఏడేళ్లు ఈ బారామహల్ సీమలోనే, మన ధర్మపురిలోనే పని చేశాడు. తర్వాత మద్రాసు గవర్నరై రాజధాని అంతటా ఉన్న బడులను లెక్క వేయించాడు. 1826లో ఆయన రాసిందేమిటంటే, అయివార్లకు నెలకు ఆరేడు రూపాయలు మించి రావడం లేదు, అంత తక్కువకు బాగా చదువుకున్నవాళ్లు ఈ పనికి రారు అని. తాలూకా బడి అయివారికి సర్కారే నెలకు 9 రూపాయలు ఇవ్వాలన్నాడు. 200 ఏళ్లు కావస్తోంది. అయివారికి సరైన జీతం ఇవ్వకుండా బడి బాగుపడదన్న మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

టీచరు మన ఇంట్లోనే ఉందేమో

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదీ. పదో తరగతి అవగానే మన ఆడపిల్లల్ని కోయంబత్తూరు, తిరుప్పూరు మిల్లు హాస్టళ్లకు పంపేస్తున్నాం. పెళ్లికి నాలుగు డబ్బులు కూడతాయని. ఆ కష్టం నాకు తెలుసు, నేను కోన్ వైండింగులో నిలబడే ఈ ఇల్లు నడిపాను. కానీ తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్ల ఒక్కొక్కతే అలా వెళ్లిపోతే పదేళ్ల తర్వాత తెలుగు పోస్టు వచ్చినా రాయడానికి మనిషి ఉండదు. రేపటి టీచరమ్మ ఈరోజు ఒకటో తరగతిలోనో, ప్లస్ టూలోనో కూర్చొని ఉంది.

ఆరు నుంచి ప్లస్ టూ దాకా సర్కారు బడిలో చదివిన ఆడపిల్లకు పైచదువు చదివినన్నాళ్లు పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. 2022 నుంచి ఇస్తున్నారు. హాస్టలుకు పంపే ముందు ఒకసారి ఈ లెక్క కూడా వేసుకోండి.

ఇప్పుడు మనం చేయగలిగింది

పెద్ద పెద్ద మాటలు వద్దు. ఈ నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, మీ పిల్లల రికార్డులో మాతృభాష గడి ఏముందో హెడ్మాస్టరును అడిగి చూసుకోండి. తప్పుంటే రాసిచ్చి మార్పించండి.

రెండు, చేర్చాలనుకున్న పిల్లల్ని ఆగస్టు 1 లోపలే చేర్చండి. సెప్టెంబరులో చేర్చిన పిల్ల చదువుకు పనికొస్తుంది గానీ, ఆ ఏటి పోస్టు లెక్కకు పనికిరాదు.

మూడు, బడి కమిటీ మీటింగుకు రండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. తెలుగు టీచరు కావాలని తీర్మానం రాయించి, పిల్లల పేర్ల జాబితా జతచేసి విద్యాధికారికి పంపుదాం. ఒక నకలు సోమవారం కలెక్టరేటులో ఇచ్చి రసీదు తీసుకుందాం. నోటి మాటకు విలువ లేదు, రసీదుకు ఉంది.

నాలుగు, ప్లస్ టూ చదువుతున్న, తెలుగు వచ్చిన ఆడపిల్లలు మీ ఇంట్లో ఉంటే నాకు చెప్పండి. డిప్లొమాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో, టెట్‌కు ఏం చదవాలో చెప్పడానికి పాసైన ఇద్దరు పిల్లలు ఆదివారం మధ్యాహ్నాలు కాలనీ హాలుకు వస్తామన్నారు. డబ్బులేమీ అడగలేదు. చాప, నీళ్ల బిందె మనం పెడితే చాలు.