సి డ్రైవులో ఉండిపోయే ఆట

మన ఇళ్లలో కంప్యూటర్‌ హార్డ్‌డిస్క్‌ని రెండు భాగాలు చేసి వాడటం పాత అలవాటు. సి డ్రైవులో విండోస్, డి డ్రైవులో సినిమాలు, ఫొటోలు, గేములు. సిస్టమ్ మొరాయిస్తే సర్వీసు షాపు కుర్రాడు "సి ఒక్కటే ఫార్మాట్ కొడతానండీ, డి జోలికి వెళ్లను" అంటాడు. మనమూ సరే అంటాం. గేములు ఆడేవాళ్లకు నష్టం మొదలయ్యేది ఆ మాట దగ్గరే. గేమ్‌ని డి డ్రైవులో ఇన్‌స్టాల్ చేసుకున్నా, మనం ఎక్కడిదాకా వచ్చామో దాచి ఉంచే సేవ్ ఫైలు చాలా గేములకు సి డ్రైవులోనే ఉంటుంది. ఫార్మాట్ అయ్యాక గేమ్ తెరుచుకోవచ్చు, కానీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ఈ సంగతి చాలామందికి అవసరం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త తరం ప్రాసెసర్ కావాలి. పాత కంప్యూటర్లు చాలావాటికి ఆ అర్హత లేదు. దాంతో బాగా నడుస్తున్న మెషీన్‌ని కూడా పక్కనపెట్టి కొత్తది కొనాల్సి వస్తోంది. ఇలా మారేటప్పుడు గేమ్ గురించి బెంగ అక్కర్లేదు. కొన్న గేమ్ వంద జీబీ ఉన్నా మన ఖాతాలో ఉంటుంది, మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సేవ్ ఫైలు అలా కాదు. సైజు చూస్తే కొన్ని వందల కేబీలే ఉండొచ్చు. కానీ అది కంపెనీ తయారుచేసింది కాదు, ఆడినవాళ్లు నెలల తరబడి కట్టుకున్నది. పోతే ఏ కంపెనీ తెచ్చివ్వలేదు.

పాత కన్సోళ్లలో సేవ్ ఎక్కడుందో ఆడేవాళ్లకు తెలిసేది. 1987లో నింటెండో అమెరికాలో విడుదల చేసిన జెల్డా క్యాట్రిడ్జ్‌లో చిన్న బ్యాటరీ ఉండేది. కరెంటు తీసేసినా మెమరీ చిప్‌లోని ఆటను ఆ బ్యాటరీయే నిలబెట్టేది. బ్యాటరీ అయిపోతే ఆటా పోయేది. తర్వాత ప్లేస్టేషన్‌కి 128 కేబీల మెమరీ కార్డు వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని స్నేహితుడి ఇంటికి పట్టుకెళ్లొచ్చు. కంప్యూటర్‌లో అలా చేతికి తగిలే వస్తువేదీ లేదు. తొలినాళ్లలో చాలా గేములు తమ ఫోల్డర్‌లోనే సేవ్‌లు రాసుకునేవి. 2007లో వచ్చిన విండోస్ విస్టా, భద్రత కోసం, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు ప్రోగ్రాములు రాయకుండా కట్టడి చేసింది. రాయబోయిన పాత గేముల ఫైళ్లను వర్చువల్‌స్టోర్ అనే మరో చోటికి మళ్లించింది. సేవ్డ్ గేమ్స్ పేరుతో ఒక ఫోల్డర్ కూడా ఇచ్చింది. తయారీదారులంతా దాన్నే వాడి ఉంటే ఎంతో మేలు జరిగేది. ఎవరికి తోచిన చోట వాళ్లు పెట్టారు.

సైబర్‌పంక్ 2077 ఆ సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్‌నే వాడుతుంది. విచర్ 3 సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో ఉంటాయి. స్కైరిమ్‌వి డాక్యుమెంట్స్‌లోనే మై గేమ్స్ అనే ఫోల్డర్ లోపల. మనలో ఎంతోమంది నెట్ సెంటర్లలో, ఇళ్లలో ఆడుతూ పెరిగిన జీటీఏ వైస్ సిటీ కూడా డాక్యుమెంట్స్‌లో తన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటుంది. ఇవన్నీ కంటికి కనిపించేవి. అసలు చిక్కు యాప్‌డేటా అనే ఫోల్డర్‌తో. విండోస్ దాన్ని దాచిపెడుతుంది, అందుకే చాలామంది బ్యాకప్‌లో అదే జారిపోతుంది. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొడితే అందులోని రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ప్రపంచాలు, స్టార్‌డ్యూ వ్యాలీ పొలాలు, ఎల్డెన్ రింగ్ సేవ్‌లు ఉండేది అక్కడే. ఒక మెట్టు పైకి వెళితే లోకల్, లోకల్‌లో (LocalLow) అని మరో రెండు ఫోల్డర్లు. యూనిటీ ఇంజిన్ మీద తయారైన గేములు చాలావరకు ఈ రెండోదానిలో రాస్తాయి. హాలో నైట్ వాటిలో ఒకటి. ఏ గేమ్ ఎక్కడ రాస్తుందో పీసీగేమింగ్‌వికీ అనే సైట్‌లో గేమ్ పేరుతో వెతికితే దొరుకుతుంది. ఆ వివరాల ఆధారంగా సేవ్‌లను తనంతట తానే వెతికి కాపీ చేసే లుడుసావి అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. గేములు ఎక్కువున్నవాళ్లు దాన్ని వాడటమే మంచిది.

చేత్తో కాపీ చేసేవాళ్లు మాత్రం ఫైలు కాకుండా ఫోల్డర్ మొత్తం తీసుకోవాలి. స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక్కో పొలానికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, లోపల అదే పేరుతో ఒక ఫైలు, పక్కనే సేవ్‌గేమ్‌ఇన్‌ఫో అనే ఇంకొకటి. రెండూ ఉండాలి, పేర్లు మార్చకూడదు. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచం ఎన్నో చిన్న ఫైళ్ల సమూహం, ఏది తప్పిపోయినా ఆ మేరకు నేల పోయినట్టే. స్కైరిమ్‌లో మాడ్స్, అంటే ఆటను మార్చే అదనపు ఫైళ్లు, వేసుకున్నవాళ్లు వాటి జాబితా కూడా దాచుకోవాలి, ఆ మాడ్స్ లేకుండా తెరిస్తే సేవ్ దెబ్బతినే ప్రమాదముంది.

గేములు అమ్మే స్టీమ్ అనే వేదికలో "గేమ్ ఫైల్స్ బ్యాకప్" అనే సదుపాయం చూసి చాలామంది ధీమాగా ఉంటారు. అది దాచేది గేమ్‌ని మాత్రమే, సేవ్‌లను కాదు. సేవ్‌లను నెట్‌లో దాచేందుకు ఉన్నది 2008లో మొదలైన స్టీమ్ క్లౌడ్. అదీ అన్ని గేములకూ లేదు. ఆ సౌకర్యం ఉన్న గేములకు స్టోర్ పేజీలో మేఘం గుర్తు కనిపిస్తుంది.

క్లౌడ్ ఉన్న గేములకే మరో అపాయం ఉంది, దాన్ని కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోవాలి. పాత కంప్యూటర్‌లో కొన్నాళ్లు నెట్ లేకుండా ఆడి ఉంటే క్లౌడ్‌లో పాత సేవే ఉంటుంది. కొత్త కంప్యూటర్‌లో ఏదో పరీక్షకని గేమ్ తెరిచి రెండు నిమిషాలు ఆడితే అక్కడ మరో కొత్త సేవ్ పుడుతుంది. రెంటికీ పొత్తు కుదరనప్పుడు స్టీమ్ తేదీలు చూపించి ఏది ఉంచమంటారని అడుగుతుంది. కొత్త తేదీ ఉన్నదే అసలుది అనుకుని ఎంచుకుంటే, రెండు నిమిషాల ఆట మిగిలి నెలల ఆట చెరిగిపోతుంది. అందుకే క్లౌడ్ ఉన్నా సరే ముందు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉండాలి. కొత్త మెషీన్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి క్లౌడ్‌ని ఆపి, గేమ్‌ని ఒక్కసారి తెరిచి మూసేయాలి, దాంతో కావలసిన ఫోల్డర్లు ఏర్పడతాయి. అప్పుడు పాత సేవ్‌లను వాటిలోకి కాపీ చేసి, ఆట సరిగ్గా తెరుచుకుందని చూసుకున్నాకే క్లౌడ్ మళ్లీ పెట్టుకోవాలి. అప్పుడూ స్టీమ్ ఆ ప్రశ్న అడిగితే కంప్యూటర్‌లో ఉన్న కాపీనే ఎంచుకోవాలి. డాక్యుమెంట్స్‌ని మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సేవ వన్‌డ్రైవ్ తన కిందికి తీసుకుని ఉంటే దాని చిరునామా మారుతుంది, ఆ సంగతీ గమనించాలి. ఎల్డెన్ రింగ్ లాంటివి సేవ్‌ని స్టీమ్ ఖాతాకి ముడిపెడతాయి కాబట్టి వేరే ఖాతాలో అతికించినా పనిచేయదు.

పాత కంప్యూటర్ తెరుచుకోకపోయినా డిస్క్ బాగుంటే, దాన్ని యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్తదానికి తగిలించి యూజర్స్ ఫోల్డర్‌లో ఇవన్నీ వెతకొచ్చు. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఉంటోంది, అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది, ముందే చూసి రాసిపెట్టుకోవాలి. అదే మెషీన్‌లో విండోస్‌ని మాత్రమే అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు పాత ఫైళ్లు విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో సాధారణంగా పది రోజులుంటాయి, ఆ తర్వాత విండోసే తుడిచేస్తుంది.

పాత సిస్టమ్ అమ్మేసే ముందు, లేదా ఊళ్లో చుట్టాలబ్బాయికి ఇచ్చే ముందు, కొత్తదానిలో ప్రతి గేమూ తెరిచి ఎక్కడ ఆపామో అక్కడికే వచ్చిందని చూసుకోవాలి. ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో విడిగా లాగిన్ ఉంటే, ఆ పేరు కింద మరో యాప్‌డేటా, మరో డాక్యుమెంట్స్ ఉంటాయి. అవీ కాపీ చేయాలి.