నెత్తురులో కొడవలి

వేలి కొస నుంచి తీసిన ఒక్క చుక్క నెత్తురుతో ఏం తెలుస్తది తాతా అని అడిగినవు గద బిడ్డా. చాలా తెలుస్తది. ఆ చుక్కలో ఎంత లేదన్నా 10 కోట్ల ఎర్ర కణాలుంటయి. మన ఇచ్చోడ, ఇంద్రవెల్లి, ఉట్నూరు దిక్కు గూడేల్లో దవాఖానోళ్లు వెతికేది ఆ కణాల లోపలుండే ఒకే ఒక్క ప్రోటీన్‌లో తేడా. ఆ తేడాతో వచ్చే జబ్బు పేరు సికిల్ సెల్. కొడవలి కణాల జబ్బు.

ముందుగాల మంచి ఎర్ర కణం సంగతి చెప్త. మైక్రోస్కోపు కింద గుండ్రంగ, నడుమ రెండు దిక్కులా నొక్కినట్టు కనపడ్తది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్క భాగం మైక్రాన్. ఈ కణం అడ్డం ఏడెనిమిది మైక్రాన్లే. బడిలో కణం బొమ్మ గీసి కేంద్రకం, మైటోకాండ్రియా అని పేర్లు రాయమంటరు చూడు, ఎర్ర కణంలో అవేవీ ఉండయి. ఎముకల మూలుగలో తయారయ్యేటప్పుడు కేంద్రకం ఉంటది గని, నెత్తురులోకి దిగే ముందు దాన్ని బయటికి నెట్టేస్తది. లోపల చోటు కావాలె మరి. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు పట్టాలె.

ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోసే ఈ కణం తన కోసం దాన్ని వాడుకోదు. ఆక్సిజన్‌ను వాడే మైటోకాండ్రియాలే దాంట్లో లేవు గద. గ్లూకోజును ఆక్సిజన్ లేకుండనే విరగ్గొట్టి, ఆ వచ్చిన శక్తిని ఏటీపీ అనే అణువుల్లో పెట్టుకొని బతుకుతది. ఇక్కడ ఒక పేరు చెప్పకుంటే నాకు మనసొప్పదు. ఆ ఏటీపీని 1929లో కనుక్కున్నోళ్లల్లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్కేతోని కలిసి ఆయన, అదే కాలంలో జర్మనీలో లోమన్, వేర్వేరుగ దాన్ని పట్టుకున్నరు. బ్యాక్టీరియా నుంచి నీ దాకా, చెట్టు నుంచి చేప దాకా ప్రతి కణం వాడే ఏటీపీని గుర్తుపట్టిన మనిషి మన తెలుగాయన. నీ పుస్తకంలో ఏటీపీ అని కనపడ్డప్పుడల్లా ఆ పేరు యాది చేసుకో.

ఇగ హిమోగ్లోబిన్. నాలుగు గొలుసులు కలిసిన ప్రోటీన్ అది. ఆల్ఫా అనేవి రెండు, బీటా అనేవి రెండు. ఒక్కో బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటయి. నువ్వు తిన్న కందిపప్పులో ఉండేవి కూడ ఆ అమైనో ఆమ్లాలే. కడుపులో పప్పు ప్రోటీన్ విడిపోయి, ఆ ముక్కలే ఒంట్లో వేరే వరుసలో అతుక్కుంటయి. ఏది ముందు, ఏది వెనక అన్నది డీఎన్ఏలో రాసి ఉంటది. మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం లెక్క. బీటా గొలుసు ఆరో చోట జీఏజీ అని ఉండాలె. అట్లుంటే గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూసుంటది. కొందరిలో అక్కడ ఏ పోయి టీ వచ్చింది. జీటీజీ అయింది. దాంతోని వేలిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వచ్చింది. 146లో ఒక్కటి. జబ్బంతా అక్కడ్నే మొదలయితది.

గ్లుటామిక్ ఆమ్లానికి ఋణ విద్యుదావేశం ఉంటది, నీళ్లంటే దానికి ఇష్టం. వేలిన్‌కు ఆవేశం లేదు, నీళ్లు పడయి. చారు మీద నూనె చుక్కల్ని చూసినవా? గంటెతో కదిలిస్తే చిన్న చుక్కలు ఒకదాని దగ్గరికొకటి జరిగి పెద్ద చుక్కలయితయి. నీళ్లతోని కలవలేనియి తమలో తాము కలుస్తయి. హిమోగ్లోబిన్ పైభాగాన కూసున్న వేలిన్ పని కూడ అదే. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పట్టుకొని ఉన్నంతసేపు ఏం కాదు. ఒంట్లోకి పోయి ఆక్సిజన్ వదిలినంక హిమోగ్లోబిన్ ఆకారం కొంచెం మారుతది. అప్పుడు దాని మీద చిన్న గుంత ఒకటి తెరుచుకుంటది. పక్క అణువు వేలిన్ వచ్చి ఆ గుంతలో దిగుతది. దానికి ఇంకోటి, దానికి మరొకటి తగులుకొని కణం నిండ పొడుగు కడ్డీలు కట్టుకపోతయి. ఆ కడ్డీలు లోపలి నుంచి పొడిస్తే గుండ్రటి కణం కొడవలి లెక్క వంగుతది.

మళ్ల ఊపిరితిత్తులకు పోతే కడ్డీలు విడిపోయి కణం సాపు అయితది. వంగుడు, సాపు అవుడు ఇట్ల మళ్లమళ్ల జరిగితే దాని పొర చెడిపోయి, ఇగ వంకరగనే ఉండిపోతది. మంచి కణం తనకంటె సన్నటి నాళాల్లో నుంచి కూడ మడతపడి జారిపోయేది, 120 రోజులు బతికేది. ఈ కొడవలి కణం 10, 20 రోజులకే పగిలిపోతది. మూలుగ ఎంత చేసినా చాలదు. నెత్తురు తక్కువయితది, పగిలిన కణాల పసుపు రంగు కండ్లల్లోకి వస్తది. వంకర కణాలు సన్న నాళాల్లో అడ్డం పడితే దాని ముందటి ఎముకకో, కండకో ఆక్సిజన్ అందదు. ఆ నొప్పి చూసినోళ్లకు తెలుసు, పిల్లలు తల్లడిల్లిపోతరు. సాకులు చెప్తుండ్రని వాళ్లను ఎవ్వరూ అనొద్దు.

అమెరికాలో హెర్రిక్ అనే డాక్టర్ 1910లో ఒక విద్యార్థి నెత్తురులో ఇట్లాంటి కణాలు చూసి రాసిండు. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన తోటివాళ్లు ఈ హిమోగ్లోబిన్‌ను కరెంటు పెట్టిన ద్రావణంలో నడిపించి చూస్తే, మామూలు దానికన్న వేరే తీరుగ నడిచింది. కారణం నీకు ఇప్పటికే తెలుసు. ఒక ఋణ ఆవేశం తక్కువయింది గద! ఒక అణువు తేడాతో జబ్బు వస్తదని లోకానికి అట్ల మొదటిసారి రుజువయింది. తర్వాత ఇంగ్రామ్ అనే ఆయన ఆ తేడా ఒక్క అమైనో ఆమ్లం దగ్గర ఉందని చూపించిండు.

మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించిండ్రు. మన జిల్లా గోండుల్లో, కోలాముల్లో, ప్రధానుల్లో ఉన్నది. పెన్‌గంగ దాటితే విదర్భలో ఆదివాసులు కానివాళ్లల్లో కూడ ఉన్నది. ఇక్కడెందుకు ఎక్కువంటే, మలేరియా. తల్లి దిక్కు నుంచో తండ్రి దిక్కు నుంచో ఒక్క మారిన జన్యువే వస్తే ఆ మనిషికి జబ్బు రాదు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంటదని 1954లో ఆలిసన్ చూపించిండు. దోమల అడవుల్లో ఆ ఒక్క జన్యువు ఉన్న పిల్లలు ఎక్కువమంది బతికిండ్రు, వాళ్ల పిల్లలకూ అది వచ్చింది. ఇది శాపం కాదు, ఎవరి తప్పూ కాదు.

ఒక్క జన్యువే ఉన్నోళ్లను వాహకులంటరు. వాళ్లు చేన్ల పని చేస్తరు, ఆటలాడ్తరు, అందరి లెక్కనే ఉంటరు. వాహకుడు రోగి కాదన్న సంగతి నువ్వు ఊళ్లో పది మందికి చెప్పాలె. అయితే మొగుడూ పెండ్లామూ ఇద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉన్నది. నలుగురు పిల్లల్లో ఒకరికే అని కాదు, ప్రతిసారీ లెక్క మళ్ల మొదటికొస్తది. పెండ్లి మాట వస్తే గోండులు మొదట అడిగేది మీరు ఎన్ని దేవుళ్లోళ్లని. నాలుగా, ఐదా, ఆరా, ఏడా. ఒకే లెక్కోళ్లు ఒకరికొకరు పిల్లనిచ్చుకోరు. ఇంత జాగ్రత్తగ సంబంధం చూసుకునేటోళ్లు, సికిల్ పరీక్ష అయిందా అని ఇంకొక్క మాట అడగొచ్చు. అడిగిన పిల్లను తక్కువ చేసి చూడొద్దు. మేనరికం సంబంధమైతే తప్పక అడగాలె. ఇద్దరూ వాహకులే అని తేలినా పెండ్లి వద్దని కాదు. కడుపులో ఉన్నప్పుడే బిడ్డకు పరీక్ష చేసే వీలున్నది, ముందే తెలిస్తే డాక్టర్‌తోని మాట్లాడుకోవచ్చు.

పరీక్ష ఎట్ల చేస్తరో దగ్గరుండి చూడు. చిన్న గాజు గొట్టంలో మందు నీళ్లు పోసి చుక్క నెత్తురు కలుపుతరు. ఆ నీళ్లలో ఒక మందు కణం పొరను చీలుస్తది, ఇంకోటి హిమోగ్లోబిన్ దగ్గరి ఆక్సిజన్‌ను లాగేస్తది. కొన్ని నిమిషాలాగి, గొట్టం వెనక నల్ల గీతల కాగితం పెడతరు. మామూలు నెత్తురైతే గీతలు కనపడ్తయి. కొడవలి రకం ఉంటే అది కరగక నీళ్లు మసకబారి గీతలు కనపడయి. ఉన్నదా లేదా అన్నదే దీంతో తెలిసేది. వాహకుడా, రోగా అన్నది పెద్ద ల్యాబ్‌లో ఇంకో పరీక్షతోనే తేలుతది. ఆర్నెల్ల లోపు పసిపిల్లలకు ఈ గొట్టం పరీక్షను నమ్మలేం. పుట్టిన కొత్తలో వాళ్ల నెత్తురులో ఎక్కువున్నది తల్లి కడుపులో నుంచి తెచ్చుకున్న వేరే హిమోగ్లోబిన్, దాంట్లో బీటా గొలుసే ఉండదు.

పెద్దయినంక కూడ ఆ పసితనపు హిమోగ్లోబిన్‌ను పెంచే మందు ఒకటున్నది, హైడ్రాక్సీయూరియా. డాక్టర్ చూసుకుంట ఇస్తే నొప్పులు తగ్గుతయి. కొత్త కణాలు తొందరగ తయారు కావాలె గనుక ఫోలిక్ యాసిడ్ గోలీలు కూడ ఇస్తరు. దాన్ని 1940లలో ల్యాబ్‌లో తయారు చేసింది సుబ్బారావు బృందమే. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని పెట్టుకున్నరు. వాళ్లు వచ్చినప్పుడు మీ అమ్మను, చిన్నాయనను కూడ కూసోబెట్టు.

నీ క్లాసులో ఈ జబ్బున్న పిల్లగాడు ఉంటే ఒకటి గుర్తుంచుకో. కిడ్నీ లోపలి భాగంలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పు ఎక్కువ. కొడవలి కణాలు వంగిపోయి ముందుగాల దెబ్బతీసే చోట్లల్ల అదొకటి. అందుకే వాళ్ల కిడ్నీలు నీళ్లను దాచలేవు. ఒంటికి మాటిమాటికి పోవాల్సొస్తది, దాహమూ ఎక్కువే. నీళ్లు తక్కువైతే నెత్తురు చిక్కబడి కణాలు ఇంకా వంగుతయి. నీళ్ల సీసా క్లాసులో దగ్గర పెట్టుకోనియ్యాలె, బయటికి పోతానంటే ఆపొద్దు. మీ సారుకు నువ్వే చెప్పు, లేకుంటే నన్ను తోలుకపో, నేనొచ్చి చెప్త.